బావగారి రాకెట్

రాకెట్ అనగానే మనకి గుర్తొచ్చేది దీపావళి తారాజువ్వే. సీసాలో నిలబెట్టి, వత్తి అంటించి, వెనక్కి పరుగు! ఇక్కడి పిల్లలు ఎగరేసే మోడల్ రాకెట్ అలా కాదండీ. అట్టగొట్టం ఒళ్ళు, బల్సా చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు. పైకి వెళ్ళాక ముక్కు ఊడి, లోపలి పారాచూట్ విచ్చుకుని మెల్లగా దిగుతుంది. కొత్త ఇంజన్ పెట్టి మళ్ళీ ఎగరేయొచ్చు. తారాజువ్వ పోతే పోయినట్టే. ఇది తిరిగి రావాలి, అదీ దీని సరదా.

మొన్న నవంబరులో నాలుగు కుటుంబాలం డాలస్ శివార్లలో అనుమతి తీసుకున్న ఓ మైదానానికి వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ, ఏడు రాకెట్లు. పొద్దున్నయితే గాలి తక్కువని ఏడున్నరకే చేరాం. ముందురోజు వాన పడి గడ్డి తడిగా ఉంది కాబట్టి నిప్పురవ్వల భయం కూడా లేదు.

ఆరు రాకెట్లు ఎగిరాయి. ఒకటి చెట్టు మీద చిక్కుకుంది. ఎత్తైన చెట్టెక్కి తీయకూడదన్నది ఈ ఆటలో నియమం, అక్కడే వదిలేశాం. ఆ పిల్లాడు కాసేపు ఏడ్చాడు, పులిహోర తిని మరిచిపోయాడు.

ఏడోది మాత్రం అక్క ఒళ్ళోనే ఉంది, పాత నూలుచీర ముక్కలో చుట్టి. తోడబుట్టిన అక్క కాదు, పదిహేనేళ్ళ స్నేహం. బావగారు పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన రంగులేసి, ఎగరేయకుండానే వెళ్ళిపోయిన రాకెట్ అది. ఎర్రటి ఒంటి మీద పసుపు చారలు, ఒకటి కాస్త వంకర.

"దీన్ని ఇంట్లో పెట్టుకుందాం లేరా" అంది అక్క.

"నాన్న షోకేసు కోసం చేయలేదమ్మా" అన్నాడు పదమూడేళ్ళ కొడుకు.

మేమెవ్వరం మాట్లాడలేదు. ఏమంటాం? ఇద్దరిదీ న్యాయమే. పోయినవాళ్ళ చొక్కా బీరువాలో దాచుకునేవాళ్ళూ ఉన్నారు, తొడుక్కుని తిరిగేవాళ్ళూ ఉన్నారు. ప్రేమ ఎవరిది ఎక్కువంటే ఏం చెబుతాం?

కాసేపటికి అక్కే అడిగింది: "దూరం పోకుండా ఎగరేయొచ్చా?"

వాడి మొహం వెలిగింది. ఇంజన్ మీద అక్షరం ఏ నుంచి బికి, బి నుంచి సికి మారినప్పుడల్లా మొత్తం శక్తి రెట్టింపు దాకా పెరుగుతుందట. అందుకని ఏ8-3 చాలన్నాడు. 8 తోసే బలం, 3 అంటే మంట అయ్యాక పారాచూట్ బయటికొచ్చేలోపు సెకన్లు. పారాచూట్ నడిమధ్య గుండ్రంగా చిల్లు కత్తిరించాడు. గాలి అందులోంచి పోతే త్వరగా దిగుతుందట, ఎక్కువ దూరం కొట్టుకుపోదట. అది కాలకుండా కింద మంటంటుకోని కాగితం కుక్కాడు.

"ఎవరు నేర్పార్రా ఇవన్నీ?" అన్నాను.

"నాన్నే, పిన్నీ."

అందరం పదిహేను అడుగులు వెనక్కి జరిగాం. తాళంచెవి, బటన్ వాడు అమ్మ చేతిలో పెట్టాడు. పిల్లలు తెలుగులో లెక్కపెట్టారు: అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి! అక్క కళ్ళు మూసుకోలేదు. స్స్‌స్స్ మంటూ మూడు తాటిచెట్ల ఎత్తు లేచింది. టప్పున పారాచూట్ విచ్చుకుంది. అక్క అందరికంటే ముందు పరిగెత్తింది.

ఒక రెక్క విరిగింది. మా గుండెలు జారాయి. వాడు మాత్రం తిప్పి చూసి, "జిగురు పెడితే అతుక్కుంటుందమ్మా" అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వింది.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి బి ఇంజన్ పెడతానని వాడు పోరుతున్నాడు. అక్క ఇంకా ఒప్పుకోలేదు.