క్రీడల పుట అడుగున ఒక పేరు

మంత్రాలయం పేరు వినగానే ఎవరికైనా తుంగభద్రా తీరం, శ్రీ రాఘవేంద్రస్వామివారి బృందావనం జ్ఞప్తికి వస్తాయి. పూర్వం మంచాల అనబడిన ఈ గ్రామాన్ని స్వామివారికి దానమిచ్చినవాడు ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని మా పెద్దలు సగర్వంగా చెప్పేవారు. ఇటువంటి ఊరిలో టెన్నిస్ ఆటకు చోటెక్కడిది? వాలీబాలు, కబడ్డీ, క్రికెట్టు మగపిల్లలవి, టెన్నికాయిట్ ఆడపిల్లలది. అయినను, వానలు ముఖం చాటేసిన 2002వ సంవత్సరం నుండి మూడేండ్లపాటు మేము కొందరము మిత్రులము హైదరాబాదు బాలిక ఒకతె ఆటను పత్రికల ద్వారా వెంబడించినాము. ఆమె సానియా మీర్జా. ఇప్పుడు ఆ పేరు తెలియనివారు లేరు. ఆ పేరు క్రీడల పుట అడుగున సన్నని అక్షరాలలో ఉన్ననాటి సంగతి మేము చెప్పదలచినది.

జూనియర్ క్రీడాకారిణిని అనుసరించడమంటే ఆటను చూడడం కాదు, అంకెలను చదవడం. పద్దెనిమిదేండ్లలోపు పిల్లల పోటీలను ఆ దినాలలో మా ఊరి టెలివిజన్‌లలో ఎవరు చూపేవారు? తెలుగు పత్రికలో రెండు పంక్తులు, ఇంగ్లీషు పత్రికలో నాలుగు. మా మిత్రునికి హైదరాబాదు బంధువులు పంపే ఉర్దూ పత్రిక రెండు దినాలు ఆలస్యంగా వచ్చేది. మూడింటిని కలిపి చదివితే గాని ఎవరితో ఆడినదో, ఎక్కడ ఆడినదో తేలేది కాదు. పదిహేను, ముప్పది తరువాత నలుబది ఐదు గాక నలుబది ఎందుకు వచ్చునో మాకు నేటికీ బోధపడలేదు.

ఆమె 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించి, హైదరాబాదులో పెరిగినది. ఆరవ ఏట రాకెట్ పట్టినది. మొదట ఆమెను చూచిన శిక్షకుడు పిల్ల మరీ చిన్నదని చేర్చుకొనుటకు సందేహించినాడు. నెల గడిచేసరికి ఆయనే తల్లిదండ్రులను పిలిపించి ఆమె ఆటను మెచ్చుకొన్నాడు. ఆ తొలినాళ్ళలో ఆమె ఆడినది పేడతో అలికిన కోర్టులమీదనట. ఈ మాట మాకు ఎంతో నచ్చినది. టెన్నిస్ అనగా పచ్చిక, తెల్లదుస్తులు, దొరల క్లబ్బులు అనుకొనేవారికి పేడ అలుకు వింతగా తోచవచ్చును. సుగ్గి దినాలలో కళ్ళం అలికి, దానిమీద జొన్నలు ఆరబోసిన మా ప్రాంతంవారికి అందులో వింత ఏమున్నది? నేల ఎంత చదునుగా, ఎంత గట్టిగా ఉంటుందో మా కాళ్ళకే తెలుసు.

తండ్రి ఇమ్రాన్ మీర్జా గారు స్వయంగా ఆమె శిక్షణభారం వహించినారు. జూనియర్ పోటీలలో బహుమతి ధనం ఉండదు, పాయింట్లు మాత్రమే ఉంటాయి. ఆ పాయింట్లకై దేశదేశాలు తిరగాలి. రైలు, విమానం, బస, రాకెట్ తీగలు, అన్నీ ఇంటివారి ఖర్చే. హైదరాబాదుకు చెందిన జి.వి.కె. సంస్థ ఆమెకు చిన్ననాడే అండగా నిలిచినది. ప్రతిభ ఒక్కటే ఉంటే చాలునని వేదికలపై చెప్పేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడవలెను.

2002 అక్టోబరులో బుసాన్ ఆసియా క్రీడలలో లియాండర్ పేస్‌తో కలిసి మిశ్రమ డబుల్స్‌లో కాంస్య పతకం పొందినది. అప్పటికి ఆమెకు పదహారేండ్లు నిండలేదు. మా కత్తిరింపుల నోటుపుస్తకం ఆ వార్తతోనే మొదలైనది.

ఇక 2003 జూలై. వింబుల్డన్ బాలికల డబుల్స్ ఫైనల్. సానియా, రష్యా బాలిక అలీసా క్లెబనోవా ఒక జట్టు; చెక్ దేశపు కేతరీనా బోమోవా, నెదర్లాండ్స్ దేశపు మిఖాయెల్లా క్రైచెక్ మరొక జట్టు. ఫలితం 2–6, 6–3, 6–2. ఈ ఆరు అంకెలను మేము ఎన్నిసార్లు చదివినామో లెక్కలేదు. మొదటి సెట్టు పోయినది. పోయిన తీరు కూడ చిన్నది కాదు. అక్కడినుండి రెండవ సెట్టు తిప్పుకొని, మూడవది మరింత సులువుగా ముగించినారు. భాష వేరు, దేశం వేరు అయిన ఇద్దరు బాలికలు ఆ సెట్ల నడుమ కూర్చున్నపుడు ఏమి మాట్లాడుకొన్నారో ఏ పత్రికా వ్రాయలేదు. వింబుల్డన్ బాలుర సింగిల్స్‌ను మనవారు అంతకు ముందే గెలిచినారు: 1954లో రామనాథన్ కృష్ణన్, 1979లో ఆయన కుమారుడు రమేశ్ కృష్ణన్, 1990లో లియాండర్ పేస్. జూనియర్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయ బాలిక మాత్రం సానియాయే.

ఆ ఏడాదే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడలలో నాలుగు స్వర్ణాలు వచ్చినవి. అందరూ పొగిడినారు.

మా దృష్టిలో అసలు పరీక్ష 2004 ఫిబ్రవరిలో వచ్చినది. హైదరాబాదు ఓపెన్‌లో, సొంత ఊరివారి ఎదుట, ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ చేతిలో మొదటి రౌండులోనే ఓడినది. పిల్లల ఆట వేరు, పెద్దల ఆట వేరు అని టీ అంగడివద్ద కొందరు తీర్పు చెప్పినారు. ఆ వారంలోనే లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచిన సంగతిని వారు చదివినట్లు లేదు. సరిగ్గా ఏడాదికి, 2005 ఫిబ్రవరిలో, అదే పోటీ ఫైనల్‌లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొందరెంకోను 6–4, 5–7, 6–3తో ఓడించి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయినది. అప్పటికి ఆమె పేరు మొదటి పుటకు ఎక్కినది. మా వెదుకులాటకు పని లేకపోయినది. నోటుపుస్తకం 2009 అక్టోబరు వరదలో, మంత్రాలయం నీట మునిగినపుడు, తుంగభద్ర పాలైనది.

2005లోనే ఆమె దుస్తులను గూర్చి పెద్ద వివాదం రేగినది. అంతవరకు ఆమె ఒక్క ఆటనైనా గమనించనివారు గూడ ఆనాడు అభిప్రాయం చెప్పినారు. ఆమె ఫోర్‌హ్యాండ్ ఎంత బలమైనదో, రెండవ సర్వీసు ఎంత బలహీనమో చెప్పగలవారు వారిలో ఎందరు? ఆమె మాత్రం ఆడుతూనే పోయి, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి అదే వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ గెలిచి, 2023లో ఆట విరమించినది.

మా మిత్రుని చెల్లెలు టెన్నికాయిట్‌లో మండల స్థాయిలో గెలిచిన పిల్ల. ఆ కత్తిరింపులను గోధుమపిండి జిగురుతో అంటించినది ఆమెయే. పదవ తరగతి కాగానే ఆట మానిపించినారు. మొన్న ఒక శుభకార్యంలో కనబడి, "అన్నా, ఆ పిల్ల నాయన మన ఊర్లో పుట్టింటే ఏం చేసేవాడో?" అని అడిగినది. మేము జవాబు వెదుకుచుండగానే నవ్వి, వడ్డనకు లేచిపోయినది. ఇప్పుడు ఆమె కుమార్తె మా కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుచున్నది.

కరవుసీమలో టెన్నిస్ అసాధ్యమనువారు అనంతపురం వెళ్ళి చూడవచ్చును. 2010లో రఫాయెల్ నాదల్ ఫౌండేషన్, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కలిసి అక్కడ పేదపిల్లలకు టెన్నిస్ పాఠశాల నెలకొల్పినవి. నాదల్ స్వయంగా ప్రారంభానికి వచ్చినాడు. ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడ నేర్పినారు. మన కళాశాల వార్షికోత్సవంలో బాలికలకు నేటికీ మ్యూజికల్ చైర్స్, చెంచా-నిమ్మకాయ పందెములే ఉన్నవి. సాయంకాలం మైదానం యావత్తు బాలురది.

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 36 అడుగులు. చుట్టూ పరుగెత్తుటకు విడువవలసిన జాగాతో 120 అడుగులు, 60 అడుగులు కావలెను. సిమెంటు అక్కరలేదు, ఎర్రమట్టి, పేడ, సున్నపు గీతలు, ఒక వల చాలును. గ్రంథాలయం వెనుక, పడమటి ప్రహరీగోడ ప్రక్కనున్న స్థలాన్ని గత నెలలో మేము తాడుతో కొలిచినాము. తుమ్మకంప తొలగిస్తే సరిపోవును. వేపచెట్టును కొట్టవలసిన పని లేదు.