నాలుకకు పూసిన మసి

"ఒకసారి వెళ్ళి చూసి రారా. ఆ పిల్ల ఏం చదువుతోందో నాకు అర్థం కావట్లేదు" అని మా అక్క ఫోన్ చేసింది. మేనకోడలు ఇంజనీరింగ్ పూర్తి చేసి, చేతికొచ్చిన ఉద్యోగం కాదనుకుని, హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ఎం.ఏ.లో చేరింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో "అయితే ఎన్ని భాషలు నేర్పుతారు?" అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలో తోచక అక్క నలిగిపోతోంది. నాకూ సరిగ్గా తెలియదు. ముప్ఫై ఏళ్ళు పత్రికల్లో తెలుగు దిద్దినవాణ్ణి, తెలియదని ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

నేను వెళ్ళేసరికి ఫొనెటిక్స్ ల్యాబ్‌లో పదకొండు మంది పిల్లలు గోడవారగా నిలబడి ఉన్నారు. మధ్యలో కుర్చీలో ఒక కుర్రాడు నాలుక చాపి కూర్చున్నాడు. మేడం పొట్టి కుంచెతో ఆ నాలుకకు మసి పూస్తున్నారు. మందులషాపులో దొరికే బొగ్గు మాత్రలు నూరి, ఆలివ్ నూనెలో కలిపిన మసి అది. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఆవిడ చెయ్యి ఇంత కూడా వణకలేదు. అంచుల నుంచి మొదలుపెట్టి, కొన దాకా, ఎక్కడా పొర మందం కాకుండా పూశారు. ముగ్గు వేసే చేతుల్లో చూశాను అలాంటి నిదానం.

"నోరు ముయ్యకు నాన్నా. మాట ఒక్కసారే చెప్పు. చెప్పి మళ్ళీ తెరిచెయ్."

కుర్రాడు "చేప" అన్నాడు. ఆవిడ వెడల్పాటి అద్దం ముక్కను పైపళ్ళ కింద ఏటవాలుగా పెట్టారు. మేనకోడలు కెమెరా నొక్కింది. తెర మీద అంగిలి కనిపించింది. పళ్ళ వెనక చిగురు దాటాక అడ్డంగా వెడల్పాటి నల్లపట్టీ. చ పలకడానికి నాలుక తాకిన చోటల్లా మసి అంటుకుంది. కుర్రాడు నిమ్మనీళ్ళు పుక్కిలించి వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ పూత. ఈసారి "చాప". పట్టీ సన్నబడి పళ్ళకు దగ్గరగా జరిగింది.

నేను లేచి తెర దగ్గరకు వెళ్ళాను. రెండింటికీ మనం రాసేది ఒకటే చ. నోట్లో మాత్రం రెండు. రెండోది ౘాప. పూర్వం నిఘంటువుల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి చూపేవారు, బ్రౌన్ నిఘంటువులో ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే రాశాడు: ఇ ఈ ఎ ఏలతో కలిస్తే తాలవ్యం, అ ఆ ఉ ఊ ఒ ఓలతో కలిస్తే దంత్యం. చదువుకునే రోజుల్లో ఆ సూత్రం బట్టీ పట్టాను. అది నా నోట్లో జరిగే పని అని ఎవరూ చెప్పలేదు. చాప, చేపలే ఎందుకని అడిగితే మేడం అన్నారు: "ప పెదవులతో పలుకుతాం. నాలుక అంగిలిని తాకదు. కాబట్టి పడ్డ మరక అంతా చ దే. చాట అంటే ట మరక కూడా పడి, ఏది ఏదో తెలియదు."

అంతలో కుర్రాడు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ అడిగాడు. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెటూరు అతనిది.

"మేడం, మా ఇంట్ల సాప అంటం. బడిల చాప అనాలె అని కొట్టిన్రు. ఇప్పుడు గది చెప్పొద్దా?"

"ఎందుకు చెప్పకూడదు? కూర్చో. అదీ ఫొటో తీద్దాం."

మూడోసారి మసి. "సాప." అంగిలికి రెండు పక్కలా నల్లగా అయింది, ముందు మధ్యలో మాత్రం సన్నటి దారి తెల్లగా మిగిలింది. ఆ దారిలోంచే గాలి బుసకొట్టుకుంటూ బయటికి వచ్చింది. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టారు మేడం. ఏదీ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు. మూడు ఎక్స్‌రేల్లా ఉన్నాయి.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. మన 'ఆరు' అనే అంకెకు మొదట్లో ఒకప్పుడు చ ఉండేది. మూలద్రావిడంలో ఉన్న ఆ చ తెలుగులో, తమిళంలో పూర్తిగా రాలిపోయింది. గోండిలో స గా మిగిలింది, ఆరును వాళ్ళు సారుంగ్ అంటారు. గోండి మాండలికాల్లోనే కొన్నిచోట్ల ఆ మొదటి స హ గా మారింది, కొన్నిచోట్ల హ కూడా పోయింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ మార్పు ఒక్కో మాటనూ పట్టుకుంటూ ఎలా పాకిందో చూపించారు. చ నుంచి స, స నుంచి హ, హ నుంచి శూన్యం. ఆ కుర్రాడి ఇంట్లో సాప అనేది ఆ దారిలో మొదటి అడుగు లాంటిదే. ఆరు అని రోజూ అంటున్న మనం ఆ దారి చివరి దాకా నడిచి వచ్చినవాళ్ళం. బడిలో ఆ పిల్లవాణ్ణి కొట్టిన పంతులు గారు కూడా ఆరు అనే ఉంటారు.

నేను పనిచేసిన పత్రికలకు ఊళ్ళ నుంచి విలేకరులు పంపే వార్తల్లో ఇలాంటివి ఎన్ని కొట్టేశానో! ఎర్ర పెన్నుతో గీత పెట్టి, పైన 'సరైన' మాట రాసేవాణ్ణి. ఆ మాట ఏ ఊరిదో, ఎవరి నోట్లోదో ఒక్కసారి కూడా అడగలేదు. చెత్తబుట్టలో పడ్డవి తప్పులనుకున్నాను. ఇక్కడ అవే మాటలను జాగ్రత్తగా ఫొటో తీస్తున్నారు.

మధ్యాహ్నం మేడం ఇంకో పరీక్ష పెట్టారు. ఎవరూ ఎప్పుడూ వినని మాటలు కొన్ని కల్పించి, పలక మీద రాసి చదవమన్నారు. చొగరం, చెగరం, చూమడ. అర్థం లేని మాటలు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ చిన్నపిల్లలకు బొమ్మలు చూపించి, లేని మాటలకు బహువచనం చెప్పించిందట. పిల్లలు తడుముకోకుండా చెప్పారు. విన్న మాటల్ని అప్పజెప్పడం కాదు, వినని మాటకూ వర్తించే నియమం లోపల ఉందని అలా తేలింది. ఇక్కడా అంతే. తొమ్మిది మంది ౘొగరం అన్నారు, ఆ తొమ్మిది మందే చెగరం దగ్గర నాలుక వెనక్కి జరిపారు. బాలవ్యాకరణం పేరు కూడా వినని పిల్లలు వాళ్ళు. ఎవరు నేర్పారు? ఏ పలక మీద దిద్దించారు? పాలబుగ్గల వయసులోనే, చుట్టూ ఉన్న మాటల్లోంచి ఈ సూత్రాన్ని తామే లాక్కున్నారు. భాషాశాస్త్రంలో ఏం చదువుతారని అడిగితే ఇకనుంచి ఇదే చెబుతాను.

మిగిలిన ముగ్గురూ అన్నింటికీ ఒకటే చ పలికారు. అందులో మా మేనకోడలు ఒకతె. పుట్టింది మొదలు నగరంలో, చదువంతా ఇంగ్లీషులో. ఇంట్లో అక్క ఇప్పటికీ ౘల్ల, ౘారు అంటుంది. ఒక్క తరంలో, ఒక్క వంటింట్లో ఆ ధ్వని పోయింది. నాకు గొంతు పట్టేసినట్టయింది. మేడం మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా "రాసుకో. పుట్టిన ఏడు, పెరిగిన చోటు, బడి మాధ్యమం" అన్నారు.

"మీకు బాధ అనిపించదా?" అని అడిగాను.

"ధ్వని పోతే బాధ లేదండీ. ఆరులో చ పోయిందని ఎవరైనా ఏడుస్తున్నారా? రాసుకోకుండా పోతే బాధ."

ఆవిడ కోపం ఎక్కడుందో వరండాలో తెలిసింది. అక్కడ తుప్పు పట్టిన ఇనప బీరువా. గది చాలక బయట పెట్టించారట. తలుపు తీస్తే అట్టపెట్టెల్లో వేలకొద్దీ చీటీలు. ఆవిడ పరిశోధన చేసే రోజుల్లో ఊళ్ళు తిరిగి రాసుకున్నవి. ఒక్కో చీటీ మీద ఒక మాట, దాని ఉచ్చారణ, వస్తువు బొమ్మ, చెప్పినవారి వయసు, వృత్తి, ఊరు. మూలన ఇంకో గడి: తల్లి ఊరు. కర్రు, మేడి, నొగ, కాడి. కోస్తాలో నాగలి, అనంతపురం వైపు మడక. పెన్సిల్ రాత కొన్నిచోట్ల వెలిసిపోయింది. ఒక పెట్టెకు అడుగున చెద పట్టింది. వీటిని స్కాన్ చేయించమని ఆవిడ ఎన్నిసార్లు అడిగారో, సంతకాలు పెట్టేవాళ్ళు ఎంతమంది మారారో అటెండరు నాకు చెప్పాడు. ఆవిడ చెప్పలేదు.

నాగలి పట్టేవాళ్ళు బతికుండగానే ఈ పని మొదలుపెట్టిన తరం ఒకటి ఉండేది. కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మీద. చేనేత సంపుటం 1971లో. జిల్లా జిల్లాకూ మనిషిని పంపి, రైతు ముందు కూర్చోబెట్టి, పనిముట్టు చూపించి అడిగించారు. తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని మనం ఇవాళ చెప్పుకుంటున్నామంటే అది ఆ చీటీల పుణ్యం. అంతకు ముందే పర్లాకిమిడిలో బడిపంతులు గిడుగు రామమూర్తి సవర గిరిజనుల మాట వినడానికి కొండలెక్కారు. అక్కడ సోకిన కొండజ్వరానికి వేసుకున్న క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. అప్పట్లో రాతే లేని ఆ భాషకు ఆయన రాసిన మాన్యువల్ 1931లో వెలువడింది. వ్యావహారిక భాష కోసం ఆయన అంత గట్టిగా నిలబడ్డది పుస్తకాలు చదివి మాత్రమే అని నేననుకోను. చెవితో పనిచేసినవాడికే నోటి మాట విలువ అంత తెలుస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా దండలు వేస్తాం. ఆయన చేసిన పని నేర్చుకోవాలంటే మాత్రం మన పిల్లవాడు డిగ్రీ దాకా ఆగాలి, అదీ ఇలాంటి విభాగం ఒకటుందని తెలిస్తే. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక అద్దం ముక్క ఇచ్చి, పాడాడు అనే మాట పలకమనండి. కోస్తా పిల్లలైతే పా లోని దీర్ఘం, డా లోని దీర్ఘం ఒకటి కావని నిమిషంలో పట్టేస్తారు. రెండోది 'పాడినాడు'లోని ఇకారం ఆ లోకి కరిగిపోగా పుట్టిన అచ్చు. దానికి మన లిపిలో అక్షరం లేదు. పాతవాళ్ళు కొందరు 'పాడేడు' అని రాసింది దాన్ని అందుకోబోయే. తెలంగాణ పిల్ల పాడిండు అంటుంది, సీమ పిల్ల పాడినాడు అంటుంది. ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చుంటే అంతకు మించిన వ్యాకరణ పాఠం ఏముంది? దానికి బదులు రెండింటిని తప్పని కొట్టేసి ఒకటి ఒప్పని మార్కులేస్తున్నాం.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయారు. నాగర్‌కర్నూల్ కుర్రాడు మాత్రం మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, నువ్వు సాపను ఏమంటవ్? మల్లొక్కసారి అను... ఇంకొక్కసారి." అవతల తల్లి విసుక్కుంటున్నట్టుంది, ఇతను నవ్వుతూ మళ్ళీ అడుగుతున్నాడు.

నేను లోపలికి వచ్చి, నా నాలుకకూ పూస్తారా అని మేడంను అడిగాను. ఆవిడ కొత్త కుంచె తీసి కడిగారు. మసి చల్లగా తగిలింది, రుచి లేదు. చేప అన్నాను, పుక్కిలించి చాప అన్నాను. తెర మీద పట్టీ పళ్ళకు ఆనుకునే ఉంది. ఆవిడ ఫొటో కేసి కాసేపు చూసి, ఖాళీ చీటీ ఒకటి ముందుకు లాక్కున్నారు. వయసు అడిగారు, వృత్తి అడిగారు, సొంతూరు విడిచి ఎన్నేళ్ళయిందో అడిగారు.

"అమ్మగారిది ఏ ఊరు?"

చెప్పాను. పెన్సిల్ ఒకసారి చెక్కుకుని, మూలన ఉన్న గడిలో రాసుకున్నారు.