క్యాప్ డబ్బులు ముందే తీసుకుంటాను

రూట్ కెనాల్‌లో చాలామందికి మొదటి సిట్టింగుకే నొప్పి పోతుంది. మా పంటి డాక్టర్ల వసూళ్ల కష్టాలు మొదలయ్యేదీ అక్కడే. "నొప్పి తగ్గిందిగా డాక్టరుగారూ, క్యాప్ సంగతి పండగయ్యాక చూద్దాం" అంటారు. క్యాప్ కొలత ల్యాబుకు వెళ్లిపోయిందంటే పేషెంటు వచ్చినా రాకపోయినా నెలాఖరుకు ల్యాబు బిల్లు కట్టాల్సిందే. అందుకే కొలత తీసే రోజే సగం డబ్బు తీసుకుంటాను. ఇందులో మొహమాటం లేదు.

అసలు మొహమాటం ధర చెప్పేటప్పుడు. పెద్దాసుపత్రిలో జబ్బు సంగతి డాక్టరు చెబుతాడు, బిల్లు కౌంటరు చెబుతుంది. మా దగ్గర రెండూ చెప్పేది ఒకే మనిషి. పైగా మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప, పంటి వైద్యం లెక్కలోకి రాదు. ప్రతి రూపాయీ ఎదురుగా కూర్చున్నవారి జేబులోంచే రావాలి. పన్ను పీకొద్దు, ఉంచుకోండి అంటే డబ్బు కోసమే అంటున్నాననుకుంటారేమోనని బెరుకు. ఆ బెరుకు నాకింకా పోలేదు గానీ, దాని కోసం రేటు తగ్గించడం మాత్రం మానేశాను.

ఎందుకంటే తగ్గించిన ప్రతి రూపాయీ మిగులులోంచే పోతుంది, ఖర్చు అలాగే ఉంటుంది. చైర్, కంప్రెసర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే లేనిదే మేం తలుపు తెరవలేం. వైద్యం మీద జీఎస్టీ లేకపోవడం పేషెంటుకు మంచిదే. ఆ యంత్రాల మీద మేం కట్టిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు. ఆపైన అద్దె, జీతాలు, వచ్చిపోయే స్పెషలిస్టు వాటా.

ఆదాయపు పన్నులోనూ ఇదే పేచీ. అంచనా లాభం పద్ధతి కింద ఏడాది రాబడి 50 లక్షలు దాటని డాక్టరు (నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా) అందులో సగం లాభంగా చూపితే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. బల్ల, కుర్చీ, స్టెతస్కోపుతో నడిచే ప్రాక్టీసుకు అది వరమే. ల్యాబు బిల్లులన్నీ కూడి చూస్తే నాకు మిగిలేది సగానికి తక్కువని తేలింది. రాని లాభానికి పన్ను ఎందుకని పుస్తకాలు రాయించి ఆడిట్ చేయించుకుంటున్నాను. ఆడిటరు ఫీజు పోయినా నాకు ఇదే నయం.

త్రీడీ స్కాన్ యంత్రం కొనలేదు. నెలనెలా ఈఎంఐ కట్టాల్సి వస్తే అక్కర్లేని పేషెంటుకూ స్కాన్ రాయాలనిపిస్తుంది. ఆ విషయంలో నన్ను నేను నమ్మను. అవసరమైనవాళ్లను బయటి సెంటరుకు పంపుతాను, కమీషను తీసుకోను.

మెడ, నడుము, వేళ్లు పనిచేసినంత కాలమే మా సంపాదన. అందుకే రెండో చైర్ కన్నా ముందు అంగవైకల్యానికి వర్తించే ప్రమాద బీమా తీసుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో తుంపర్ల భయానికి డ్రిల్లు ఆగింది, అద్దె ఆగలేదు. అప్పటి నుంచి ఆరు నెలల అద్దె, జీతాలు విడిగా డిపాజిట్‌లో ఉంచుతున్నాను.

మీరు పంటి డాక్టరు దగ్గరికి వెళితే, చైర్ ఎక్కకముందే మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఏమనుకుంటారోనని వెనకాడకండి. అడిగితే మాకూ తేలికే.