కదలుచున్న బండిలో నుండి



ఈ దినములలో మా యౌవనస్థులతో కలిసి ఏ కూటమునకు బయలుదేరినను, బస్సు నంద్యాల దాటక మునుపే కిటికీల ప్రక్కనున్న చేతులన్నిటిలో ఫోనులు పైకి లేచును. దాటిపోవుచున్న చేలు, కొండలు, గొర్రెల మందలు, కాలువ గట్టులు, అన్నిటికిని ఫోటోలే. పెద్దలు కొందరు విసుగుకొందురు. మాకైతే అందులో తప్పు కనబడలేదు. దేవుడు చేసిన దానిని చూచి మురిసిపోవు పిల్లలను గద్దింపనేల?

తీసినవాటిలో సగము చెడిపోవుట మాత్రము నిజమే. దగ్గరనున్న కంచె, గడ్డి గీతలు గీతలుగా వచ్చును. దూరమందున్న ఎర్రమల కొండలు చక్కగా నిలుచును. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. కెమెరా కన్ను సెకనులో 60వ వంతు తెరచియున్న యెడల ఆలోగా బండి 28 సెంటీమీటర్లు జరిగిపోవును. 1000వ వంతు మాత్రమే తెరచిన యెడల రెండు సెంటీమీటర్లయినను జరుగదు. మంచి ఎండలో తీసినది తేటగా వచ్చి, ప్రొద్దు గూకిన తరువాత తీసినది అలుకుకొనిపోవుటకు కారణమిదే. వెలుగు తక్కువైనకొలది ఆ కన్ను ఎక్కువసేపు తెరచియుండవలెను గదా. 1851లో ఇంగ్లండులో టాల్బట్ అను ఆయన గిరగిర తిరుగుచున్న చక్రమునకు వార్తాపత్రిక కాగితమును అంటించి, ఒక్క విద్యుత్ మెరుపు వెలుగులో ఫోటో తీయగా అక్షరములు చదువుటకు వీలుగా వచ్చినవి. ఇక ఫోనులలో కరెంటు స్తంభములు ఒక ప్రక్కకు ఒరిగి కనబడుట చూచి మా పిల్లలు నవ్వుదురు. ఫోను బొమ్మనంతటిని ఒక్కసారి పట్టుకొనదు, వరుస వెంబడి వరుసగా పట్టును. ఆ లోపల బండి ముందుకు జరుగును, స్తంభము ఒరుగును.

2016లో నంద్యాల ఎర్రగుంట్ల మార్గమున రైలు నడచినప్పటినుండి మా బనగానపల్లెకును స్టేషను కలిగినది. అప్పటినుండి తలుపు వద్ద మెట్టుమీద నిలిచి ఫోటోలు తీయు చపలత్వము కూడ వచ్చినది. దానిని 1989 నాటి రైల్వే చట్టము నేరముగా ఎంచుచున్నది. తల్లిదండ్రులారా, ఈ సంగతిలో మాత్రము గట్టిగా చెప్పుడి.

మరియొక మాట. మా ప్రాంతములో నాపరాతి గనులున్నవి. బండలు ఎత్తు స్త్రీలను బస్సులోనుండి ఫోటో తీసి, పదిమందికి పంపినవారిని చూచితిమి. ఆ స్త్రీలలో మన సంఘములవారును కలరు. నెత్తిమీద బండ, ముఖమున దుమ్ము, అడుగకుండ తీసిన బొమ్మ. యెరికో దారిలో పడియున్నవాడు యాజకునికిని లేవీయునికిని కనబడకపోలేదు గదా. సమరయుడు ఆగెను, అంతే భేదము. కొండను బండిలోనుండి తీయవచ్చును. మనుష్యుని తీయవలెనంటే దిగి, అడిగి తీయుట మంచిదని మా యౌవనస్థులతో చెప్పుచుందుము.

ఇక ఈ సంగతి వ్రాయుటకు మమ్మును పురికొల్పిన విషయము. 2023 మే నెలలో మా సంఘములోని ఒక తల్లి నంద్యాలలో ఆసుపత్రిలో పది దినములుండి, ఇక ఇంటికి తీసుకొనిపొమ్మని వారు చెప్పగా ఆటోలో తిరిగి వచ్చినది. మూడవ దినమున ప్రభువునందు నిద్రించినది. చిన్న కుమారుడు కువైట్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. భూస్థాపన జరుగుచుండగా ఫోనులోనే చూచి ఏడ్చినాడు. వారము గడచిన తరువాత మాకు ఫోను చేసి, "అయ్యగారూ, సమాధి ఫోటో వద్దు. అమ్మ ఆఖరుగా వచ్చిన దారి పంపీయండి" అన్నాడు. ఇక్కడి మామిడికాయ పేరు అక్కడి అంగళ్లలో కూడ వినబడుచున్నదట. ఆ పేరునకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. పండు పోయినంత సులువుగా మనుష్యుడు తిరిగి రాలేడు.

ఉపదేశిగారును, ఒక యౌవనస్థుడును, మేమును అదే ఆటో మాట్లాడుకొని, అదే వేళకు నంద్యాల నుండి పాణ్యం మీదుగా బయలుదేరితిమి. ఆమె కుమార్తె కూడ వచ్చినది. సుమారు 40 కిలోమీటర్ల దారి. కోత అయిపోయిన శనగ చేలు, నల్లరేగడి నెర్రెలు, ప్రక్కన కొండల వరుస, అన్నిటిని పిల్లవాడు ఓపికగా తీయుచుండెను. పాణ్యం దాటిన తరువాత కుమార్తె నెమ్మదిగా, "అయ్యగారూ, అమ్మకు ఇవేవీ కనపడలేదు. నా ఒళ్లో తల పెట్టి పండుకోనుండె" అన్నది.

ఆటోలో కొంతసేపు ఎవరమును మాటలాడలేదు. పిమ్మట పిల్లవాడు అడుగకయే ఫోనును ఆమె ఒడి మట్టమునకు దించి, పైకి వంచి పట్టుకొనెను. అక్కడినుండి చూచిన దారి వేరు. వేపకొమ్మలు, చింతకొమ్మలు, కరెంటు తీగెలు, కొండ శిఖరము మాత్రము కొంచెము, మిగిలినదంతయు తెల్లని ఆకాశము. అటు ఇటు ఊగు బండిలో తీయుట చేత చాలభాగము అలుకుకొనిపోయినవి. మంచివి ఏరి పంపుదమని ఉపదేశిగారు అనగా, ఆమె ఒప్పుకొనలేదు. అన్నిటిని పంపితిమి.

మరుసటి రాత్రి అతడు అక్కకు ఫోను చేసెను. ఆమె మాకు చెప్పిన మాట ఇది. స్పష్టముగా వచ్చిన కొండల ఫోటోలను గూర్చి అతడు ఏమియు అనలేదట. ఆకాశము తప్ప మరేమియు లేని బొమ్మను చూచి, "అక్కా, అమ్మ కండ్లకు ఎండ కొట్టలేదా?" అని అడిగినాడట.

"కొంగు కప్పినాను రా. చెట్లు వచ్చినప్పుడు తీసినాను" అని ఆమె చెప్పినది.