మాటే కదా అనుకోవద్దు



కంప్యూటర్ పాఠం సిద్ధం చేస్తూ ఒక సంగతి తెలుసుకున్నాను. ఫోన్లలో టచ్‌స్క్రీన్ వంటివి ప్రాసెసర్‌తో మాట్లాడేందుకు తరచూ వాడేది ఐ2సి అనే రెండు తీగల సీరియల్ బస్. 1982లో ఫిలిప్స్ రూపొందించింది. అందులో నడిపించే చిప్‌ను 'మాస్టర్', బదులిచ్చేదాన్ని 'స్లేవ్' అనేవారు. 2021లో అవి 'కంట్రోలర్', 'టార్గెట్' అయ్యాయి. 2024లో లినక్స్ కెర్నల్ నిర్వాహకులు డాక్యుమెంటేషన్ దిద్దారు. డ్రైవర్లను ఒక్కొక్కటిగా దిద్దుతూ వచ్చారు. తీగలు అవే. అయినా మాటే కదా అని వదల్లేదు.

పోయిన టర్మ్‌లో ఒక పాప ప్రోగ్రెస్ రిపోర్టులో 'స్లో లెర్నర్' అని రాశాను. ఆ తర్వాత తను క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. ఈసారి 'పైకి చదవడంలో తడబడుతోంది, అర్థం చేసుకోవడంలో ముందుంది' అని రాశాను.

ఇంట్లో అలాంటి మాట ఉంటే మీరూ దిద్దండి.