లాకంటే మనకి నీళ్ళండీ, వదినగారూ

వదినగారూ, ఓ వదినగారూ! ఓసారి గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏవైనా ఉంటే దింపేసి మరీ రండి, ఇది రెండు ముక్కల్లో తేలే కబురు కాదు.

మీ మనవడు పొద్దున్న మా అరుగు మీద కూచుని ఫోను చూసుకుంటున్నాడా, అప్పుడే మా ఇంట్లో ఆయన వీధిలోంచి వస్తూ, "లాకులెత్తేశారటే, రేపో ఎల్లుండో మన కాలవలోకి నీళ్ళొచ్చేస్తాయి" అన్నారు. పిల్లాడు తలెత్తి, "లాకు ఎత్తడం ఏంటి తాతగారూ, తియ్యడం కదా?" అన్నాడు. హైదరాబాదులో పెరుగుతున్నవాడు, వాడికి లాకంటే ఫోనుకి పెట్టేది, బండి హ్యాండిలుకి వేసేది. మహా అయితే వాళ్ళమ్మ నగలు పెట్టుకునే బ్యాంకు లాకరు. కానీ కోనసీమ రక్తం ఉన్న పిల్లాడికి లాకులంటే ఏవిటో తెలియకపోతే ఎలాగండీ? కూచోబెట్టి చెప్పాను. రాత్రికి మిమ్మల్నీ అడుగుతాడు, అందుకే మీ చెవినీ వేసేస్తున్నాను.

ఇంగ్లీషువాళ్ళకి లాక్ అన్న మాట చాలా పాతది, వెయ్యేళ్ళ కిందటే వాళ్ళ నోళ్ళలో ఉంది. అప్పట్లో గడియ అన్నా అదే, మూసిపెట్టిన చోటన్నా అదే. ఫ్రెంచివాళ్ళు ఆ తెగ మాటనే తీసుకుని చిన్న గడియకి పేరు పెట్టుకున్నారు. అది తిరిగి ఇంగ్లీషులోకొచ్చి లాకెట్టు అయింది. మీ గొలుసుకున్న వెంకన్నబాబు లాకెట్టు పేరు అక్కణ్ణించి వచ్చిందేనండీ. స్టేషన్లో లాకప్పు, మిల్లు మూసేస్తే లాకౌటు, 2020 మార్చిలో మనందరం తలుపులేసుకుని కూచున్న లాక్‌డౌను, ఎటు చూసినా మూసెయ్యడమే. జుట్టు పాయని కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు గానీ, అది పుట్టుకలోనే వేరే మాట, దీనికీ దానికీ సంబంధం లేదు.

ఆ మూసెయ్యడంలోంచే నీళ్ళ అర్థమూ వచ్చింది. వాళ్ళ దేశంలో నదికి అడ్డం కట్టి నీళ్ళు ఆపిన చోటుని లాక్ అన్నారు. తర్వాత్తర్వాత, ఎత్తులో ఉన్న నీళ్ళలోంచి పల్లంలో ఉన్న నీళ్ళలోకి పడవని దింపడానికి కట్టిన రెండు తలుపుల గదికి ఆ పేరు స్థిరపడింది. ఆ ఏర్పాటు మాత్రం ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టింది కాదు. చైనాలో 984లోనే రెండు గేట్ల మధ్య పడవని నిలబెట్టి నీటిమట్టం మార్చారట. ఇటలీలో లియొనార్డో డావించి, మోనాలిసా బొమ్మ వేసినాయనే, మిలాను కాలవల మీద పని చేసినప్పుడు ఆ తలుపుల సంగతి బాగా పట్టించుకున్నాడు. రెండు రెక్కలూ తిన్నగా మూసుకోవండీ, ఎగువ నీటికేసి ముందుకి పొడుచుకొచ్చి మొన తేలి కలుస్తాయి. దాంతో నీళ్ళెంత తోస్తే తలుపులంత బిగుసుకుంటాయి. వరద బలాన్నే గడియగా వాడుకున్నారన్నమాట, ఎంత తెలివండీ! 1914లో తెరిచిన పనామా కాలవలోనూ ఈ పద్ధతే. అంతంత ఓడల్ని సముద్రం మీంచి 85 అడుగుల ఎత్తుకి నీళ్ళతోనే లేపుతారు.

మన దగ్గరికొద్దాం. 1832, 33ల్లో నందన కరువొచ్చి గోదారి జిల్లా సగం ఖాళీ అయిపోయిందని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు కదా. పక్కన గోదారి పారుతుండగా తిండిలేక చచ్చిపోవడం ఎంత ఘోరమో చూడండి. కాటన్ దొర అదంతా ఆలోచించి, 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాడు. ఆనకట్ట అన్నానా, ఆ మాట చూడండి. తమిళులు అణైకట్టు అంటారు, ఆయన కావేరి మీద పని నేర్చుకున్నవాడు, దాన్నే ఇంగ్లీషులో ఆనికట్ అని రాసుకున్నారు, వాళ్ళ నిఘంటువుల్లోకీ ఎక్కింది. మన వైపు నుంచి ఆ మాట అటెళ్ళింది, అటునుంచి లాకు ఇటొచ్చింది. రెండూ ఒకే నీటి మీద ఎదురయ్యాయి.

ఆనకట్ట దగ్గర మూడు చోట్ల నీళ్ళు తీశారు. ధవళేశ్వరంలో తూర్పు డెల్టాకి, విజ్జేశ్వరంలో పశ్చిమ డెల్టాకి, నడిమిలంక మనదే కాబట్టి బొబ్బర్లంక దగ్గర మనకి. ఆ ప్రధాన కాలవ ఆత్రేయపురం మీదుగా లొల్లకొచ్చి చీలుతుంది. అమలాపురం కాలవ అక్కడే పుట్టింది, గన్నవరం కాలవ అక్కడే పుట్టింది. మధ్య డెల్టాలో సుమారు 2 లక్షల ఎకరాలండీ, అందులో చాలా చేలు లొల్లకేసి చూడాల్సిందే. రాజోలు వైపుకి నీళ్ళు పోవాలంటే మధ్యలో వైనతేయ నది అడ్డం, నది మీంచి కమాన్లు కట్టి కాలవనే అవతలికి దాటించారు. ఇప్పుడు అక్కడ కొత్తగా కట్టినదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వేళకాని వేళ పడవ దిగి వచ్చినవాళ్ళకి కూడా అన్నం వండిపెట్టిన తల్లి పేరు కాలవకి పెట్టడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

కాటన్ కాలవల్ని చేలకోసం మాత్రమే తవ్వలేదండీ. పడవలు తిరగాలనీ తవ్వాడు. రైలు మనకి లేదు, రోడ్లు బురద, వంతెనలు తర్వాతెప్పుడో వచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, పురిటికెళ్ళే ఆడపిల్లలు, అందరికీ కాలవే. కాలవ పల్లానికి దిగే ప్రతి చోటా పడవ కోసం లాకు కట్టాల్సొచ్చింది. అలా ఆ మాట మన ఊళ్ళోకి పడవెక్కి వచ్చింది.

నా చిన్నప్పుడు మా నాన్నగారితో కొబ్బరికాయల పడవలో రాజమండ్రి వెళ్ళడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఎదురు నీళ్ళు కదా, గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజానికి వేసుకుని లాగేవారు. లొల్ల రాగానే తాళ్ళవాళ్ళు తాడు వదిలేసి చెట్టు కింద చుట్ట ముట్టించుకునేవారు. పడవ ఆ రాతిగోడల మధ్యకి దూరుతుంది. వెనక తలుపులు కీచుమంటూ మూసుకుంటాయి. ఉన్నట్టుండి చల్లగా, నూతిలోకి దిగినట్టుండేది. రెండు పక్కలా నాచు పట్టిన రాళ్ళు, ఎదురు తలుపు సందుల్లోంచి పిచికారీల్లా నీళ్ళు. పైన లాకు మనిషి తూము తిప్పేవాడు. పడవ అడుగునించి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ పొంగేవి. సరంగు గడని గోడకి ఆనించి, పడవ రాళ్ళకి కొట్టుకోకుండా కాసుకునేవాడు. నేను గోడ మీద ఒక రాయిని గుర్తుపెట్టుకుని చూసేదాన్ని. అది కొంచెం కొంచెంగా నీళ్ళలో మునిగేది. మునిగేది రాయి కాదు, లేచేది మేమని తెలిసేసరికి పైన ఎండ మొహం మీద పడేది. ముందు తలుపులు తెరుచుకునేవి. అవతల కాలవ మా పడవకి సమానంగా నిండుగా కనిపించేది. అక్కణ్ణించి బొబ్బర్లంక దాటి గోదాట్లో పడేవాళ్ళం.

అందుకేనండీ, ఇంగ్లీషులో లాకంటే మూసెయ్యడం గానీ, మన సీమలో అది దాటించేది. ఎక్కడో మూస్తేనే గానీ ఇంకోచోట తెరుచుకోదు, అది వేరే సంగతి. కానీ మన నోట్లో ఆ మాట ఎలా తిరుగుతుందో చూడండి. "లాకులెత్తారు" అంటే ఆకుమడికి సిద్ధం కమ్మని. "లాకులు దించేశారు" అంటే వేసవి, కాలవ కట్టేశారని. "లాకుల దగ్గర బస్సు దిగండి" అంటాం, అదొక ఊరి పేరైపోయింది. ఇక్కడే కాదు, గుంటూరు జిల్లా దుగ్గిరాల వెళ్ళినా లాకులే. ఇంజనీర్లు పడవ దారిని లాకనీ, నీళ్ళు వదిలే షట్టర్లని రెగ్యులేటరనీ వేరువేరుగా చెప్తారు. మన రైతులకి రెండూ కలిపి లాకులే. ఒక్కదాన్ని లాకని ఎవరూ అనరు, అంతా బహువచనమే. అక్కడ పనిచేసేవాళ్ళని లస్కర్లంటాం. ఆ మాట పారశీకంలో సైన్యమనే అర్థమున్న మాట నుంచి వచ్చిందట, ఓడల మీద కళాసీగా తిరిగి తిరిగి మన కాలవ గట్టు చేరింది.

ఇప్పుడు పడవలు లేవు. లారీలొచ్చాయి, వంతెనలొచ్చాయి, 1982 నాటికి పాత ఆనకట్ట చోట బ్యారేజీ కూడా వచ్చింది. పడవ దారి తలుపులు చాలా చోట్ల తుప్పు పట్టి పోయాయి. కొన్ని చోట్ల ఆ గదిలో గుర్రపుడెక్క మొలిచింది. లొల్లకి మాత్రం సినిమావాళ్ళు వస్తుంటారు, షూటింగులు చేసుకుంటారు. అది సంతోషమే. కానీ షట్టరు గేర్లకి వేళకి గ్రీజు పెట్టకపోతే ఏమవుతుందో శివారు రైతుని అడగండి. దాళ్వాలో వంతులు పెడతారు కదా, వంతు రోజున గేటు లేవకపోతే అల్లవరం, కాట్రేనికోన వాళ్ళ చేలు నెర్రెలిచ్చిపోతాయి. మా పెదనాన్నగారి చేను అలా ఓసారి పొట్ట దశలో ఎండిపోయింది, నేను కళ్ళారా చూశాను. ఇటు చూస్తే సార్వాలో నీళ్ళు దిగవు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతాయి. 2011లో మన రైతులు గిట్టుబాటు లేక, ముంపు పడలేక క్రాప్ హాలిడే అని చేలు ఖాళీగా వదిలేశారు చూశారూ, అదీ మనం ఇంగ్లీషులోంచి తెచ్చుకున్న మాటే. ఆ మాట కోనసీమలో పలకాల్సొచ్చిందంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుందండీ. సెలవన్న మాట ఆ చేలకి తగదు. లాకులన్న మాట తగింది. నూట డెబ్భై ఏళ్ళుగా మన నోట నానుతోంది, ఇంకా నానాలి.

మీ వాడు ఇదంతా విని, "మరి తాళాన్ని ఏమనాలి మామ్మా?" అన్నాడు. తాళంకప్ప అనమన్నాను. వాడికా కప్ప తెగ నచ్చేసింది!

సరేగానీ, అసలు పని మర్చిపోయేలా ఉన్నాను. నీళ్ళొచ్చేస్తున్నాయి కదా, మన రెండు చేలకీ మధ్యనున్న బోదె నిండా గుర్రపుడెక్కే. రేపు తెల్లారగట్ల ఇద్దరు మనుషుల్ని పెట్టి తీయిస్తున్నాం. మీ గట్టు వైపు కూడా తీసెయ్యమని చెప్పనా? కూలి చెరిసగం వేసుకుందాం. అన్నయ్యగారిని అడిగి చీకటిపడేలోపు చెప్పండి, మనుషులకి కబురెట్టాలి.