తీర్థం జీళ్ళు

మా గోదావరి జిల్లాల్లో తీర్థానికి వెళ్ళినవాడు ఉత్త చేతులతో ఇంటికి రాకూడదు. ఖర్జూరం, జీళ్ళు తేవాలి. అంతర్వేది తీర్థమైతే మరీను. మాఘమాసం భీష్మ ఏకాదశినాడు అక్కడ లక్ష్మీనరసింహస్వామి రథం లాగుతారు. నర్సాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లి వైపు దిగి, జనంలో పడి వెళ్ళేవాళ్ళం. నాన్న భుజాలెక్కి రథం చూశానని అమ్మ అనేది గానీ, నాకు గుర్తున్నది రథం కాదు, జీళ్ళ కొట్టు.

జీళ్ళు చేయడం చూశారా మీరెప్పుడైనా? బెల్లం ముదురుపాకం పట్టి నూనె రాసిన పళ్ళెంలో పోస్తాడు. చెయ్యి పట్టే వేడికి రాగానే ఆ ముద్దని గుంజకి కొట్టిన మేకుకి తగిలించి లాగుతాడు. బారెడు సాగాక మడిచి మళ్ళీ మేకుకే. లాగినకొద్దీ లోపల గాలి చేరి, నల్లటి పాకం బంగారం రంగుకి తిరుగుతుంది. అప్పుడు ముక్కలు కోసి నువ్వులు అద్దుతాడు. నోట్లో వేసుకుంటే పళ్ళకి అంటుకుని అరగంట మాట రాదు. "వీడి నోరు మూయించడానికి ఇదొక్కటే మందు" అని నాన్న పావలా తీసేవారు.

1991లో నేను జుబైల్ వచ్చాను. నాన్నకి ఇష్టం లేదు. రెండెకరాల కొబ్బరితోట ఉండగా ఎడారికెందుకురా అన్నారు. నేను బయల్దేరిన రోజు ఆయన తోటలోంచి ఇంటికి రాలేదు. తర్వాత ఫోన్లో కూడా అమ్మే మాట్లాడేది.

ఇక్కడ ఖర్జూరానికేం లోటు! సుక్కరి, ఖలాస్, అజ్వా... ఈగలు ముసిరే తీర్థం ఖర్జూరం తిన్న నోటికి మొదట్లో ఇవి ఖర్జూరాలే అనిపించలేదు. జీళ్ళు మాత్రం లేవు.

1995లో, సెలవు నుంచి తిరిగొస్తున్న మా పక్కూరాయనతో నాన్న ఓ పొట్లం పంపారు. నాకు చెప్పలేదు. ఈ దేశంలో గసగసాలు నిషేధం, మత్తుమందు కిందే లెక్క. కూరలోకని తెచ్చుకుని జైలుకెళ్ళినవాళ్ళ కథలు మా క్యాంపులో అందరికీ తెలుసు. మరి కరిగిన బెల్లం ముద్ద, దాన్నిండా గింజలు! విమానాశ్రయంలో ఆయన్ని రెండు గంటలు కూర్చోబెట్టారు. చివరికి ఓ పెద్ద ఆఫీసరొచ్చి, ఓ గింజ గిల్లి కొరికి, "సిమ్‌సిమ్" అని నవ్వి వదిలేశాట్ట. అరబ్బీలో నువ్వులు.

"మీ నాన్నగారి జీళ్ళకి నా బతుకు తెల్లారిపోయేదయ్యా" అని ఆయన పొట్లం నా మంచమ్మీద విసిరాడు. నేనేం జవాబు చెప్పను?

ఆ శుక్రవారం ఎదురింటి వాళ్ళ ఫోనుకి చేసి నాన్ననే పిలవమన్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన ఫోన్ దగ్గరికొచ్చారు.

"మిమ్మల్నెవరు పంపమన్నారు నాన్నా? ఓ మనిషి జైలుకి పోయేవాడు, తెలుసా!"

కాసేపు ఏం వినబళ్ళేదు. నిమిషానికింతని రియాళ్ళు కరిగిపోతున్నాయి.

"నువ్వులేరా అవి" అన్నారు. మళ్ళీ, "సరేలే, ఇంక పంపన్లే."

పంపలేదు.

ఆ పొట్లం వచ్చిన రాత్రే విప్పాను. అంతా ఒకే ముద్దయి, కాగితం అంటుకుపోయింది. కొంత కాగితంతో సహా తిన్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పనేలేదు. 1998లో నాన్న పోయారు. నాకు ఎగ్జిట్ రీఎంట్రీ చేతికొచ్చేసరికి మూడో రోజు.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయిందని ఫోన్లో చూశాను. నాన్న భుజాల మీంచి చూసింది ఆ రథమే. 2021 ఫిబ్రవరికి కొత్తది వచ్చింది. అదీ ఫోన్లోనే చూశాను.

ఇక్కడి మిఠాయి కొట్లో నువ్వులూ పాకమూ కలిపి బిళ్ళలుగా అమ్ముతారు, సిమ్‌సిమియ్యా అని. భీష్మ ఏకాదశికి పావుకిలో కొంటాను. పటుక్కున విరుగుతుంది గానీ సాగదు. బావుంటుంది, అది వేరే సంగతి.